ఇంటిపేరు కింద ప్యాకేజీలు

ఇంటర్నెట్‌లో ఒక చోట మా ఇంటిపేరు టైపు చేస్తే ఇప్పటికీ ఒక పేజీ వస్తుంది. అందులో పెద్ద విశేషమేమీ లేదు. ప్యాకేజీల పేర్లు, వాటిని నడిపేవాళ్ల పేర్లు, ఆ పక్కనే పాత చర్చలకు ఒక లింకు. ఆ లింకు నొక్కి ఎవరైనా పాత చర్చలు చదువుతారేమోనని తలచుకుంటే నాకు ఒళ్లు ముడుచుకుపోతుంది. అక్కడ రాసినదాన్ని చెరపడం ఎవరి వల్లా కాదు. అడిగి చూశాను.

ఆ చోటు ఒక గిడ్డంగి లాంటిది. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ పనిని మూటగట్టి, కావలసినవాళ్లు తీసుకునేలా అక్కడ పెడతారు. ఆ మూటనే ప్యాకేజీ అంటారు. లోకంలో ఎందరో పెడతారు కనుక పేర్లు కలిసిపోకుండా ఒక పద్ధతి ఉంది. ముందు గుంపు పేరు, దాని తర్వాత ప్యాకేజీ పేరు. గుంపు పేరు ఎవరు ముందు తీసుకుంటే వాళ్లది. దాని కింద ఏదైనా పెట్టాలంటే ఆ గుంపు నిర్వాహకుల వరసలో మన పేరుండాలి. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ కనిపించలేదు. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. మనం పుట్టినప్పటినుంచి రాసుకుంటున్నదే కదా అనుకున్నాను.

నేను అలా అనుకోవడానికి వెనక ఒక పెళ్లి కార్డు ఉంది. అది చెప్పకపోతే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు.

తొంభైల్లో నందిగామ బస్టాండుకు కాస్త అవతల నాకు డీటీపీ షాపు ఉండేది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు. ఇటు వీరులపాడు నుంచి, అటు పరిటాల నుంచి కూడా పెళ్లి కార్డులకు నా దగ్గరికే వచ్చేవాళ్లు. అలాంటిది మా పెదనాన్న కొడుకు, నేను అన్నయ్యా అని పిలిచే మనిషి, తన చెల్లెలి పెళ్లి కార్డులు విజయవాడలో వేయించాడు. కార్డు ఇవ్వడానికి షాపుకే వచ్చాడు.

"నీకు సీజన్ గదరా. మళ్లీ నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకులే అని" అన్నాడు.

సరే అనుకున్నాను. కార్డు తెరిచాను. 'ఆహ్వానించువారు' అన్న మాట కింద మా ఇంటిపేరుతో పెదనాన్న ఉన్నాడు, బాబాయి ఉన్నాడు, బాబాయి కొడుకులు కూడా ఉన్నారు. మధ్యవాడైన మా నాన్న లేడు. కార్డు అడుగున 'బంధుమిత్రుల అభినందనలతో' అని ఒక గీత ఉంటుంది చూడండి, పేరు పెట్టనక్కర్లేని వాళ్లందరినీ కలిపి తోసేసే గీత. మా నాన్న అందులో కలిసిపోయాడన్నమాట, సొంత తమ్ముడై ఉండి.

"నాన్న పేరేదీ?" అన్నాను.

"ప్రెస్సు వాళ్లు వదిలేసినట్టున్నార్రా."

"ప్రెస్సు వాళ్లు వదలరు. మనం రాసిచ్చిందే కొడతారు. నేనూ ప్రెస్సువాణ్ణే."

అన్నయ్య నవ్వి నా భుజం తట్టి వెళ్లిపోయాడు. మా నాన్న మాత్రం జగ్గయ్యపేటలో జరిగిన ఆ పెళ్లికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, అక్షింతలు వేసి, భోంచేసి వచ్చాడు. నేనూ వెళ్లాను గాని పంక్తిలో కూర్చోలేదు. పందిరి బయట బండి దగ్గర సోడా తాగి తిరిగొచ్చాను. నేను తినలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. అదీ నాకు గుర్తుంది.

ఇక ప్యాకేజీల సంగతి. ఆ రోజుల్లో తెలుగు డీటీపీలో ఒక్కో ఫాంటుది ఒక్కో దారి. ఒకదానిలో 'క' ఉన్న మీట మీద ఇంకొకదానిలో ఏదో కొమ్ము ఉండేది. ఒక ఫాంటులో కొట్టిన కార్డును ఇంకో ఫాంటులో తెరిస్తే పిచ్చిగీతలు. పెద్దమ్మాయి పెళ్లికి కొట్టిన కార్డు చిన్నమ్మాయి పెళ్లినాటికి పనికొచ్చేది కాదు, మళ్లీ మొదటినుంచి కొట్టాలి. ఆ విసుగుతో నేను ఏ ఫాంటులో ఏ మీటకు ఏ ముక్క పడుతుందో పట్టికలు వేసుకున్నాను. తలకట్టు ఎక్కడ, గుడి ఎక్కడ, ఏ వత్తుకు రెండు రూపాలున్నాయి, అన్నీ. ఈ పని జిల్లాలో నా అంత ఓపిగ్గా చేసినవాడు లేడని ఇప్పటికీ చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటాక మా బావమరిది ఆ పట్టికలు చూశాడు. మా ఆవిడ తమ్ముడు. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాడు. అప్పటికే తెలుగు అక్షరానికి అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంఖ్య ఉండే యూనికోడ్ వచ్చింది.

"బావగారూ, ఇది మామూలు పని కాదండి. దీన్ని ప్రోగ్రాములో పెడితే పాత ఫాంట్లలో కొట్టిందంతా యూనికోడ్‌లోకి వచ్చేస్తది" అన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చేవాడు. చిల్లకల్లు దగ్గర బస్సు మారి, ముక్త్యాల సిమెంటు లారీల వెనక దుమ్ము తిని, కనుబొమలు తెల్లగా చేసుకుని దిగేవాడు. నేను పట్టికలు చదువుతుంటే అతను ప్రోగ్రాములో ఎక్కించేవాడు. నిజానికి పట్టికతో పని అయిపోదు. పాత ఫాంట్లలో ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి, పలికే వరసలో ఉండవు. వాటిని విడదీసి, ఏ వత్తు ఏ అక్షరానిదో పోల్చుకుని, వరస సరిచేయాలి. ఆ భాగం పూర్తిగా అతనే రాశాడు. నాకు ఇప్పటికీ అది సగమే అర్థమవుతుంది.

పని ముగిశాక దాన్ని గిడ్డంగిలో పెడదామన్నది కూడా అతనే. పట్టికలు ఒక ప్యాకేజీ, వరస సరిచేసేది ఒకటి. ఇక గుంపు పేరు.

"భాష పేరు పెడదామండి. తెలుగు అని. కావలసినవాడు అలాగే వెతుక్కుంటాడు" అన్నాడు.

"మా ఇంటిపేరు పెడదాం" అన్నాను.

"మీ ఇంటిపేరా?"

"ఏం, బాగోలేదా?"

"బాగోకపోవడం కాదండి. ఫాంటు మార్చుకునేవాడు మీ ఇంటిపేరని వెతకడు కదా అని."

"వెతికేలా చేస్తా."

కాఫీ తెచ్చిన మా ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఒరేయ్, పెట్టెయ్‌రా. లేకపోతే ఈయన నీ గురించి నాకు పదేళ్లు చెప్తారు" అంది. అతను నవ్వేసి, "సరే బావగారూ, మీ ఇష్టం" అన్నాడు. వాళ్లింట్లో బావ మాట కాదనే అలవాటు లేదు. అది నాకు తెలుసు.

గుంపు పేరు నమోదు చేయడానికి నేనొక్కణ్ణే కూర్చున్నాను. పేరు అడిగింది, ఇచ్చాను. తర్వాత నిర్వాహకుల పేర్లు అడిగింది. ఎంతమందినైనా చేర్చవచ్చట. ఆ ఖాళీ గడి చూడగానే నాకు కనిపించింది ఆహ్వానించువారి వరసే. ఒక వరస ఎలా రాయాలో మా వాళ్లకు చూపించే అవకాశం వచ్చిందనుకున్నాను. మా నాన్నను వదిలేసిన మనుషుల్ని నేను వదలను, వయసు ప్రకారం అందరినీ పెడతాను, అప్పుడు తెలుస్తుంది వాళ్లకు అనుకున్నాను. మొదట పెదనాన్న. తర్వాత మా నాన్న. అప్పటికి నాన్న పోయి ఏడాది దాటింది. కార్డులో పోయినవాళ్ల పేర్లు కూడా వేస్తాం కదా, కీర్తిశేషులు అని. అలాగే నాన్న పేరు ముందు ఇంగ్లీషులో 'లేట్' అని కొట్టాను. తర్వాత బాబాయి, అన్నయ్య, బాబాయి కొడుకులు, చివర నేను. ప్రతివాళ్లకూ ఈమెయిల్ కావాలంది. అందరికీ నేనే తెరిచాను. నాన్నకు కూడా.

బావమరిది ఇంటిపేరు వేరు. కనుక ఆ వరసలో అతనికి చోటు లేదనిపించింది. ప్యాకేజీ గురించి రాసే చోట అడుగున ఒక గీత కలిపాను. బంధుమిత్రుల అభినందనలతో అన్న మాటకు ఇంగ్లీషు, దాని పక్కన అతని పేరు. అది మర్యాదేననుకున్నాను.

అతను తర్వాతి ఆదివారం చూశాడు. పేజీని పైనుంచి కిందికి నెమ్మదిగా జరిపాడు. అడుగుదాకా వచ్చి ఆగాడు. "బాగుందండి" అన్నాడు. అంతే. కోపం వస్తే కోపమొచ్చిందని చెప్పాలి కదా మనిషి. అలా చెప్పనందుకు అతని మీద నాకు ఇప్పటికీ కాస్త కినుక ఉంది.

చెప్పింది మా ఆవిడ, అతను బస్సెక్కాక.

"మావయ్యగారి పేరు కార్డులో లేదని ఎన్నేళ్లు నా చెవులు తినేశారండీ? ఇప్పుడు మా వాణ్ణి తీసుకెళ్లి అదే గీతలో పెట్టారు."

"వాడిది మా ఇంటిపేరు కాదుగా."

"మీ బాబాయిగారిది మీ ఇంటిపేరేగా. ఆయన రాసిందేదో చూపించండి, చూస్తా."

నేను షాపు తాళాలు తీసుకుని బయటికి వెళ్లాను.

కొన్నాళ్లకు ఆ ప్యాకేజీ వాడేవాడొకడు దొరికాడు. ఎక్కడో దూరదేశంలో ఉండి పాత తెలుగు పత్రికలను కంప్యూటరులోకి ఎక్కిస్తున్న పెద్దమనిషి. ఒక ఫాంటులో 'ర' వత్తు పక్క అక్షరానికి పోతోందని అందరూ చదివే చర్చల్లో రాశాడు. 'ప్రతి' అని ఉన్న చోటల్లా 'పత్రి' వస్తోందట. అది పట్టికలో తప్పు కాదు, వరస సరిచేసే భాగంలోది. నాకు చేతకాదు. బావమరిదికి చెప్పాను. అతను వెంటనే సరిచేసి ఫోను చేశాడు.

"అయిపోయింది బావగారూ. నన్ను కూడా ఆ వరసలో చేర్చండి, ఇక్కణ్ణించే పెట్టేస్తా."

"నాకు పంపు. నేను పెడతా."

"మళ్లీ మళ్లీ మీకెందుకండి శ్రమ? ఒక్కసారి చేరిస్తే..."

"శ్రమేం కాదు. పంపు."

పంపాడు. అప్పుడే ముహూర్తాలు మొదలయ్యాయి. షాపులో ఊపిరి సలపదు. ఆ పెద్దమనిషి మళ్లీ రాశాడు. బావమరిది మళ్లీ ఫోను చేశాడు.

"పెడతానన్నాగా. తరుముతావేంటి?" అన్నాను.

"తరమట్లేదండి. పాపం ఆయన పని అక్కడ ఆగిపోయింది."

"ఆయనెవరో నీకు ఎక్కువైపోయాడా నాకంటే?"

"ఉంటానండి బావగారూ" అని ఫోను పెట్టేశాడు. నిజం చెప్పాలంటే, అతను పంపింది గిడ్డంగిలో పెట్టడానికి అరగంట పట్టదు. ఆ ఫోను తర్వాత ఇక పెట్టబుద్ధి కాలేదు.

అప్పుడు అతను గిడ్డంగిని నడిపే పెద్దలకు రాశాడు. నా మీద ఫిర్యాదు కాదు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా అందులో నా గురించి ఒక్క చెడ్డమాట దొరకలేదు. ఈ రెండు ప్యాకేజీల్లో ఒకటి నేను రాశాను, పట్టికలు మా బావగారివి, అవి లేకపోతే నాది పనిచేయదు, గుంపును అలాగే ఉంచి నన్ను నిర్వాహకుల్లో చేర్చడానికి వీలుంటుందా, అని. మా ఇంటిపేరు తీసేయమనలేదు. దాని కిందికే వస్తానన్నాడు.

పెద్దలు అందరూ చదివే చర్చలోనే జవాబిచ్చారు. చేర్చడం గుంపు నిర్వాహకుల చేతిలో పని. అయితే ఇందులో ఇంతమంది ఉన్నారు, ఎవరూ పలకడం లేదు. ఉన్నవాళ్లందరూ ఫలానా గడువులోగా ఒక్కసారి పలికితే మంచిది. ఇంకో సంగతి, వీరిలో ఒకరి పేరు ముందు వారు చనిపోయినట్టు రాసి ఉంది. చనిపోయినవారికి ప్యాకేజీలు పెట్టే హక్కు ఎందుకు ఇచ్చారో తెలుసుకోవచ్చా?

మర్యాదగానే అడిగారు. నేను షాపులో కూర్చుని అది చదివాను. ఎదురుగా ఎవరో కార్డు ప్రూఫు చూసుకుంటున్నారు. ఏ దేశాల వాళ్లో, మా నాన్న ఎవరో తెలియని వాళ్లు, ఆయన అక్కడెందుకున్నాడని అడుగుతున్నారు. పెళ్లి కార్డులో లేకపోతే ఇంటి నాలుగు గోడల మధ్య పోయింది. ఇక్కడ నేను తీసుకెళ్లి నిలబెట్టి మరీ అడిగించాను. నాకు మొహం వేడెక్కింది. ప్రూఫు చూస్తున్నాయన తలెత్తి "ఏవండీ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు.

పెద్దలు పంపిన ప్రశ్న వరసలో ఉన్న ప్రతి ఈమెయిలుకూ వెళ్లింది. పెదనాన్నకు తెరిచిన ఈమెయిల్ పాస్‌వర్డు నేనే గొప్పగా అన్నయ్యకు చెప్పి ఉన్నాను. అతను సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేవాడు, అక్కడ కంప్యూటరుంది. తెరిచి చూశాడు. షాపుకు ఫోను చేశాడు.

"ఏవిట్రా ఇది? నాన్న పేరు మీద ఎక్కడెక్కడ్నించో మెయిళ్లొస్తన్నాయి, జవాబు చెప్పమని. కేసేమన్నానా?"

"కేసు కాదు అన్నయ్యా. గౌరవంగా పెట్టా."

"గౌరవవా? ఆయనకు పత్తి తప్ప ఇంకేం తెలుసురా? మా పేర్లు వాడుకునేటప్పుడు ఒక మాట అడగాలా వద్దా?"

"మా నాన్న పేరు తీసేసేటప్పుడు అడిగావా నువ్వు?"

"ఎప్పుడ్రా? ఏ పేరు?" అన్నాడు. నిజంగానే గుర్తులేదు అతనికి. అన్నేళ్లు నేను మోసినది అతనికి గుర్తు కూడా లేదు.

ఆ రోజే అన్నయ్య ఆ చర్చలో ఇంగ్లీషులో జవాబు రాశాడు. మా తండ్రిగారు వ్యవసాయం చేసుకునే పెద్దవారు, ఆయనకు కంప్యూటరు తెలియదు, ఈ వ్యవహారంతో మా కుటుంబంలో ఎవరికీ ఏ సంబంధమూ లేదు, దయచేసి మా పేర్లన్నీ తొలగించగలరు. అడుగున మా ఇంటిపేరు పూర్తిగా రాసి మరీ సంతకం పెట్టాడు. బావమరిది అది చదివి ఉంటాడు. అతని విద్యార్థులు కూడా ఆ చర్చలు చూసేవాళ్లని తర్వాత తెలిసింది.

నన్నూ పలకమన్నారు. నేను పలకలేదు. ఏం రాయాలి? మా నాన్న ఎందుకున్నాడో రాయాలా? పెళ్లి కార్డు గురించి రాయాలా? ఆ పేజీ తెరవడమే మానేశాను. బావమరిది ఆదివారాలు రావడం మానేశాడు. కాలేజీలో పరీక్షలని అక్కకు చెప్పాడట.

చాలా నెలల తర్వాత ఒక కొత్త ఫాంటుకు పట్టిక తయారుచేశాను. మంచి పట్టిక. గిడ్డంగిలో పెడదామని తెరిచాను. మీకు ఈ గుంపు కింద పెట్టే హక్కు లేదు, అని వచ్చింది. పొరపాటనుకుని మళ్లీ చేశాను. అదే మాట. అప్పుడు నిర్వాహకుల వరస చూశాను. ఖాళీ. గడువులోగా పలకనివాళ్లందరినీ తీసేశారు. పలకనివాళ్లలో నేనూ ఉన్నాను. వరస సరిచేసే ప్యాకేజీని పెద్దలు బావమరిది అడిగినమీదట తెలుగు అన్న గుంపు కిందికి మార్చారు. 'ర' వత్తు ఎప్పుడో బాగుపడింది. మా ఇంటిపేరు కింద నా పట్టికలు మాత్రం, యజమాని లేకుండా పడి ఉన్నాయి.

మా ఆవిడకు చెప్పక తప్పలేదు.

"అయితే మీ ఇంటికి మీరే బయటివారయ్యారన్నమాట" అంది.

"నవ్వకు."

"నవ్వట్లేదు. రాయండి వాళ్లకి. పట్టికలు నావి, ఇంటిపేరు నాది, అని రెండు ముక్కలు. పాత పెళ్లిళ్లు ఎత్తకండి."

రాశాను. ఎత్తాను కూడా. తర్వాత ఆ భాగం చెరిపేశాను. చివరికి రెండు ముక్కలే పంపాను. పెద్దలు మళ్లీ మర్యాదగా జవాబిచ్చారు. ఇదే ఇంటిపేరుతో ఒకరు ఇంతకుముందు తమకు సంబంధం లేదని రాశారు. మీరే ఆ పట్టికల రచయిత అని మాకెలా తెలుస్తుంది? మీ పని తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

నందిగామలో, జగ్గయ్యపేటలో నా పని తెలిసినవాళ్లు ఎంతమందో. ఆ చర్చలోకి రాగలిగినవాడు ఒక్కడే. అతన్ని అడుగుదామని ఫోను దాకా వెళ్లి, వెనక్కి వచ్చాను. మర్నాడు షాపు తెరిచి చూసేసరికి అతని జవాబు అక్కడుంది. నేను అడగలేదు, మా ఆవిడ చెప్పిందేమో తెలియదు. ఈయన మా బావగారు, ఈ ఇంటిపేరు ఈయనదే, పట్టికల్లో ప్రతి అక్షరం ఈయన చేత్తో వేస్తుంటే నేను పక్కన కూర్చుని చూశాను, అని రాశాడు. ఆ మాట మీద గుంపు నాకు తిరిగి ఇచ్చారు. మా ఇంటిపేరు నాదని వేరే ఇంటిపేరువాడు లోకానికి చెప్పవలసి వచ్చింది. అది కూడా అక్కడే ఉంది, ఎవరైనా చదవవచ్చు.

గుంపు చేతికి రాగానే ఆ వరసలో అతని పేరు చేర్చాను. ఒక్క నిమిషం పట్టింది. ఫోను చేసి, "నీ పేరు పెట్టా" అన్నాను. తప్పైందని మాత్రం అనలేదు.

"చూశానండి. మెయిలొచ్చింది" అన్నాడు.

"ఇక నువ్వూ పెట్టుకోవచ్చు. ఏదైనా."

"సరేనండి బావగారూ. అక్కని ఈ ఆదివారం పంపండి, అమ్మ రమ్మంటోంది."

నన్ను కూడా రమ్మంటాడేమోనని ఫోను పట్టుకుని ఉన్నాను. రమ్మనలేదు. ఆ తర్వాత అతను ఎన్నో ప్యాకేజీలు రాశాడు, అన్నీ తెలుగు అన్న గుంపు కిందే పెట్టాడు. నా పట్టికలు వాడిన ప్రతిదానిలో రచయితల దగ్గర నా పేరుంటుంది, తన పేరు పక్కనే. మా ఇంటిపేరు కింద మాత్రం ఈనాటికీ అతను ఒక్కటీ పెట్టలేదు. ఎందుకని ఒకసారి అడిగితే తీరిక లేదన్నాడు, మర్యాదగా. మళ్లీ అడగడానికి నాకు సిగ్గు.